దేవుడి బియ్యం ఎవరింట్లో ఉడికేది

ఏ.ఎస్. రావు నగర్‌లో మా అపార్టుమెంటు ముందు ఏడాదికి నాలుగైదుసార్లు అన్నదానం జరుగుతుంది. ముందు ఫ్లెక్సీ వస్తుంది. తర్వాత షామియానా, మైకు. అన్నం అన్నిటికన్నా ఆఖర్న వస్తుంది. ఫ్లెక్సీ మీద దాత ముఖం మామూలు మనిషి ముఖానికి పన్నెండు రెట్లుంటుంది. నిచ్చెన వేసి కొలవలేదు, మా బాల్కనీ కమ్మీల ఎడంతో లెక్కగట్టాను. "ఎవరో పాపం మంచిపని చేస్తుంటే నీకెందుకమ్మమ్మా అంత చిరాకు?" అని మా మనవరాలు విసుక్కుంటుంది. నాకు చిరాకేం లేదు. కిందికి దిగి సాంబారన్నం తిని మరీ వస్తాను. కాకపోతే పెట్టేవాళ్లను చూసినప్పుడల్లా ఒక సందేహం పీకుతుంది. ఇది ఎవరి డబ్బాలో బియ్యం?

ఆ సందేహం నాకు పదమూడో ఏట పట్టుకుంది. సికిందరాబాదులో, రాంగోపాల్‌పేటలో, పోలీస్ యాక్షన్ ఏడాది. అంటించింది మా చర్చి పాస్టరు అయ్యగారి భార్య.

పోలీస్ యాక్షన్ అంటే ఇప్పటి పిల్లలు నిజంగానే పోలీసులు వచ్చారనుకుంటారు. మా వీధిలో నిలబడి చూసినంతవరకు పోలీసు ఒక్కడూ రాలేదు. వచ్చినవి ఇండియా సైన్యం లారీలూ ట్యాంకులూ. 1948 సెప్టెంబరు 13 సోమవారం మొదలై 17 శుక్రవారంతో సరి. అయిదు రోజులు. మా నాన్న మాత్రం పోయేదాకా "పది రోజుల యుద్ధం" అనే చెప్పేవారు. ఆయన రైల్వే గూడ్సు ఆఫీసులో గుమాస్తా. అక్కడి వేగన్లు కూడా ఈ లెక్కనే వచ్చిపోయేవేమో.

మాది గుంటూరు వైపు నుంచి ఉద్యోగం కోసం వచ్చిన క్రైస్తవ కుటుంబం. అప్పటికి హైదరాబాదు వేరే రాజ్యం, ఇండియా వేరే. రెంటి మధ్యా చెడి, ఇండియా నుంచి సరుకులు రావడం ఆ ఏడాది ముందే ఆగిపోయింది. తెనాలి నుంచి మా మామయ్య పంపే బియ్యం బస్తా సరిహద్దు అవతలే ఉండిపోయింది. రేషనులో నూకలూ జొన్నలూ ఇచ్చేవాళ్లు. అమ్మ జొన్నల్ని అరచేతిలో పోసుకుని, ఇంటికొచ్చిన కొత్త అల్లుణ్ని చూసినట్టు అటూ ఇటూ తిప్పి చూసింది.

ఇక అసలు విషయం. మా ఆడవాళ్లకు ఒక అలవాటుండేది, కొన్ని ఊళ్లలో ఇప్పటికీ ఉంది. అన్నం వండేముందు ఇంటిల్లిపాదికీ సరిపడా బియ్యం చేటలో కొలిచి పోసుకుంటారు. అందులోంచి ఒక గుప్పెడు తీసి, కళ్లు మూసుకుని ఒక్కమాట ప్రార్థన చేసి, పొయ్యి పక్కన ఉన్న చిన్న కుండలో వేస్తారు. వారమంతా పోగైన ఆ బియ్యాన్ని ఆదివారం గుడ్డసంచిలో పోసుకుని గుడికి తెస్తారు. మేం చర్చిని గుడి అనే అంటాం. కానుకల పాట పాడుతుండగా ఆడవాళ్లు ఒక్కొక్కరే లేచి వెళ్లి, ముందున్న వెదురు గంపలో పోస్తారు. పోసేది అందరికీ కనబడుతుంది కాబట్టి, తక్కువ తెచ్చినవాళ్లు సంచి మూతి బిగించి పట్టుకుని సన్నటి ధారగా పాట అయ్యేదాకా పోసేవాళ్లు. గుప్పెడంటే అందరికీ ఒకే కొలత కాదు. మా అమ్మ గుప్పెళ్లు నాలుగైతే సోల నిండేది. మా సంఘపెద్ద భార్యకు ఏడు పట్టేవి. ఆమె చెయ్యేమీ చిన్నది కాదు. వేళ్లనిండా ఉంగరాలు, పిడికిలి బిగుసుకునేది కాదు.

గంప నిండాక అయ్యగారు దానిమీద చెయ్యి పెట్టి, "ప్రభువా, నీ బియ్యాన్ని నీకే సమర్పిస్తున్నాం" అని ప్రార్థన చేసేవారు. ఆరాధన అయ్యాక గుడి ఊడ్చే ముసలాయన ఆ గంపను నెత్తిన పెట్టుకుని, పక్క వాకిలిలోంచి వెళ్లి, అయ్యగారి వంటింట్లో దించేవాడు. సంఘం అయ్యగారికిచ్చే జీతంలో సగం ఆ గంపే మరి. మిగతా సగం కోస్తాలోని మిషన్ నుంచి మనియార్డరుగా వచ్చేది. ఆయన, ఆయన భార్య, అయిదుగురు పిల్లలు వారమంతా తినేది ఆ గంపలోదే.

ఈ సంగతి తెలియనివాళ్లు సంఘంలో లేరు. అయినా నోటితో ఎవరూ అనరు. అందరూ "దేవుడి బియ్యం" అనే అంటారు. అయ్యగారి బియ్యం అంటే ఆయనకు చిన్నతనం, మాకు ఆశీర్వాదం తక్కువ. ఏళ్ల తరబడి అలా అని అని, దేవుడి బియ్యాన్ని ఎవరో ఒకరు ఎసట్లో పోసుకుని తింటారన్న సంగతి మావాళ్లు నిజంగానే మరిచిపోయారు.

శుక్రవారం సాయంత్రం నైజాం లొంగిపోయాడు. ఆదివారం మా సంఘం తన ఉత్సాహానికి తాను లొంగిపోయింది.

అప్పటికి నెలల నుంచీ రాంగోపాల్‌పేట సందుల్లో, గూడ్సు షెడ్డు వెనక, మూతపడ్డ దుకాణాల అరుగుల మీద పల్లెల నుంచి వచ్చినవాళ్లు ఉంటున్నారు. రజాకార్లకు భయపడి పిల్లల్ని చంకనేసుకుని వచ్చినవాళ్లు. వాళ్ల పేరున ఇక్కడ రేషను కార్డు లేదు. కార్డు లేకపోతే గింజ లేదు. మిలిటరీ వచ్చేసింది గనక ఇక వాళ్లంతా లేచి ఊళ్లకు వెళ్లిపోతారని మా పెద్దవాళ్లు అనుకున్నారు. లేవడానికి కడుపులో ఏదైనా ఉండాలన్నది వాళ్లకు తట్టలేదు.

ఆ ఆదివారం అయ్యగారు ఆకలిగొన్నవారి గురించి ప్రసంగం చేశారు. మంచి ప్రసంగం. ముందు వరుసలో నిద్రపోయేవాళ్లు కూడా ఆరోజు మధ్యలో ఒకసారి లేచారు. ప్రసంగం కాగానే సంఘపెద్ద లేచి నిలబడ్డాడు. ఆయన రిటైరైన హెడ్మాస్టరు. గుళ్లో కూడా పిల్లల హాజరు తీసుకుంటున్నట్టే చూసేవాడు.

"అయ్యగారు మన కళ్లు తెరిపించారు," అన్నాడు. "మన దగ్గర దేవుడి బియ్యం ఉంది. ఆ బియ్యం ఆకలిగొన్నవారికి చేరాలి. గుడి వెనక గంజి పొయ్యి పెడదాం. రోజూ ఉదయం గంజి పోద్దాం. ఎంతమంది ఒప్పుకుంటారు?"

మగవాళ్లందరూ చేతులెత్తారు. మా నాన్న రెండు చేతులూ ఎత్తారు. ఇకనుంచి ఎన్ని ఓట్లయినా వేసుకోవచ్చని పేపర్లో చదివి ఉత్సాహంగా ఉన్నారు. ఎవరేం అన్నా చివర ఆమేన్ అనడం అయ్యగారికి ఇరవై ఏళ్ల అలవాటు. ఆయనే అందరికన్నా గట్టిగా "ఆమేన్" అన్నారు. అన్న తర్వాత ఆయన నోరు కొంచెంసేపు తెరిచే ఉంది. ఆడవాళ్ల చాపల మీద ముందు వరుసలో కూర్చున్న ఆయన భార్య మెల్లగా తల తిప్పి ఆయన వైపు చూసింది. ఆమెను మేమందరం అమ్మగారు అని పిలిచేవాళ్లం. అంత నెమ్మదిగా ఎవరైనా తల తిప్పడం నేను అంతకుముందు చూడలేదు.

గంజి పొయ్యి గొప్పగానే మొదలైంది. పెద్ద గుండిగ బొల్లారంలో పెళ్లి సామాన్లు అద్దెకిచ్చే దుకాణం నుంచి ఊరికే వచ్చింది. ఆ ఏడు పెళ్లిళ్లు లేవు, గుండిగకు పనీ లేదు. మా అమ్మ స్త్రీల సమాజానికి కార్యదర్శి కాబట్టి వంట ఆమె చేతుల మీద పడింది. మొదటిరోజే అభాసైంది. నలభై ఇళ్ల గుప్పెళ్లు ఒకే గుండిగలో పోశారు. ఒకరిది పాతబియ్యం, ఒకరిది కొత్తబియ్యం, ఒకరిది ఉప్పుడు బియ్యం, ఎక్కువమందివి రేషను నూకలు. నూకలు జిగురైపోయాయి. కొత్తబియ్యం ముద్దయింది. పాతబియ్యం పలుకు మీదుంది. ఉప్పుడు బియ్యం వేన్నీళ్లలో స్నానం చేసి పొడిగా కూర్చుంది.

మా వెనక సందులో గాజులమ్మే అవ్వ ఒకామె ఉండేది. హిందువులు, తరతరాలుగా ఇక్కడివాళ్లే. ఏదో తమాషా జరుగుతోందని చూడటానికొచ్చి, గరిటెతో తీసి రుచి చూసింది.

"గిదేం గంజి చెల్లె?" అంది అమ్మతో. "సగం తాగాలె, సగం నమలాలె. పండ్లు లేనోళ్లు ఏం జెయ్యాలె?"

"అన్ని రకాలు కలిసిపోయాయమ్మా," అంది అమ్మ, ఏడుపు ఆపుకుంటూ.

"ఇసుర్రాయి లేదా మీకు? రవ్వ జేసి పొయ్యుండ్రి. అన్ని కులాలు ఒక్కటైతయ్."

మర్నాటి నుంచి అలాగే చేశారు. విసరడం వంతులవారీగా అనుకున్నారు గాని, సంఘపెద్ద భార్య వంతు వచ్చినప్పుడల్లా ఆమెకు చెయ్యి నొప్పి వచ్చేది. ఆ వంతు నాకు, అవ్వకు పడేది. విసురుతూ అవ్వ మా గుప్పెడు బియ్యం సంగతి ఆరా తీసింది. రెండు రోజుల తర్వాత కిరసనాయిలు డబ్బా నిండా జొన్నపిండితో వచ్చింది. వాళ్ల సందులో ఆడవాళ్లందరూ పిడికెడు పిడికెడు ఇచ్చారట.

"మేం బియ్యమేడ తింటం? గిదే ఉన్నది," అంది. "కని చెల్లె, మీ దేవునికి గాదు, మీ పొయ్యికి."

"దేవుడేమీ అనుకోడులే," అంది అమ్మ.

సంఘపెద్ద మాత్రం అనుకున్నాడు. గుడి గంపలో జొన్నపిండి పోయరాదన్నాడు. "అయితే గుండిగలో పోస్తానండి, గంప అక్కడికి రాదు కదా," అని అమ్మ నేరుగా గంజిలో కలిపేసింది. పల్లెల వాళ్లకు అది నచ్చింది. వాళ్లు రోజూ తినేది అదే. వరుస రోజురోజుకూ పెరిగింది.

అక్టోబరు వచ్చేసరికి వరుసలో కొత్త మనుషులు కనిపించారు. బురఖాలు వేసుకున్న ఆడవాళ్లు, చేతిలో పసిపిల్లలతో, జిల్లాల నుంచి ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వచ్చినవాళ్లు. ముందు వచ్చినవాళ్లు ఏ రజాకార్లకు భయపడి పారిపోయి వచ్చారో, ఆ రజాకార్ల మతంవాళ్లే అన్న పాపానికి ఈ ఆడవాళ్లు ఇప్పుడు అదే భయంతో వచ్చారు. పాతవాళ్లు వీళ్లను చూసి రెండడుగులు పక్కకు జరిగారు. వీళ్లు మరో రెండడుగులు వెనక్కి జరిగారు. గుండిగ మాత్రం ఒకటే. సంఘపెద్దకు వరుస పెరగడం నచ్చలేదు. ఎవరు పడితే వాళ్లు వచ్చి తాగిపోతున్నారని ముక్కాలిపీట తెప్పించుకుని వరుస మొదట్లో కూర్చున్నాడు. తల ఎత్తకుండా ప్రశ్నలు వేసేవాడు. ఏ ఊరు? ఎంతమంది? ఏం పని చేస్తారు? ఎందుకు వచ్చారు? జవాబు బాగుంటేనే గంజి. బురఖాలో ఒకామె "ఎందుకు వచ్చారు?" అన్నదానికి జవాబు చెప్పలేక నిలబడిపోయింది. గాజుల అవ్వ గరిటె పట్టుకునే అక్కడికి వచ్చింది.

"ఆకలైతుందని వచ్చింది సారూ. గంజి కాడికి ఇంకెందుకొస్తరు, పాట నేర్సుకోనీకా?" అంది. ఆమె వైపు తిరిగి, "ఆవో బేటీ, ముంగటికి రా," అని గిన్నె అందుకుంది.

ఇదంతా నడుస్తుండగా నేను శనివారం శనివారం కుట్టుపని నేర్చుకోవడానికి అమ్మగారి దగ్గరికి వెళ్లేదాన్ని. పొయ్యి పెట్టిన తర్వాత మూడో శనివారం అనుకుంటా, వెళ్లేసరికి వంటింట్లో పొయ్యి చల్లగా ఉంది. పదకొండు దాటింది. పిల్లలు అయిదుగురూ పట్టపగలు చాప మీద పడుకున్నారు. ఆ పిల్లల్ని నేను ఎరుగుదును, మామూలుగా అయితే కట్టేసినా పడుకునేవాళ్లు కారు. ఇల్లంతా వేయించిన చింతపిక్కల వాసన.

"వంట కాలేదాండీ?" అన్నాను. అడగకూడదని అప్పటికి నాకు తెలీదు.

"మీ సంఘం నా బియ్యం పట్టుకెళ్లి గంజి కాస్తోంది కదమ్మా," అంది అమ్మగారు, సూదిలోకి దారం ఎక్కిస్తూ. "మనియార్డరు సరిహద్దులో ఆగింది. నా గంప గుడి వెనక ఆగింది. మా ఆయన ఆమేన్ అన్నారు. పిల్లలు ఆమేన్ తినరు."

నాకు అప్పుడు వెలిగింది. మూడు వారాలుగా గంజి పోస్తున్నాం, ప్రార్థనలు చేస్తున్నాం, ఒకరినొకరు మెచ్చుకుంటున్నాం. మేం ఇచ్చే గుప్పెడు పోలీస్ యాక్షన్ ముందు ఎంతో, తర్వాతా అంతే. ఒక్క గింజ పెరగలేదు. మారింది గంప వెళ్లే దారి ఒక్కటే. దానం చేసింది సంఘమంతా కాదు, ఒక్క ఇల్లు. ఆ ఇంటివాళ్లను అడగలేదు కూడా.

ఇంటికెళ్లి అమ్మతో చెప్పాను. అమ్మ చేతిలో గరిటె కిందపెట్టి, "చచ్చాం," అంది. వెంటనే రెండు సోలల బియ్యం మూట కట్టి, పైన తువ్వాలు కప్పి, నన్ను వెంటబెట్టుకుని అయ్యగారింటికి వెళ్లింది. అమ్మగారు మూట చూసింది, తువ్వాలు చూసింది.

"ఏంటమ్మా ఇది, దొంగసొత్తా? పైన కప్పి తెచ్చావు?"

"తప్పైపోయిందండీ. మాకు తట్టలేదు. ఇవి ఉంచండి, రేపు మళ్లీ..."

"వద్దు." గొంతు పెంచలేదు. "అందరి ముందు తీసుకున్నారు. తువ్వాలు కింద తెచ్చిస్తే పుచ్చుకోవాలా? నేను ముష్టిదాన్ని కాను. అది మా ఆయన జీతం. నా పిల్లల కూడు. దాన్ని దాని పేరుతో, అందరి ముందు తెచ్చి నా గుమ్మంలో పెట్టండి. అప్పుడు తీసుకుంటా."

అయ్యగారు పక్కగదిలోంచి నీరసంగా బయటికొచ్చారు. "ఎందుకే పాపం ఆమెను... దేవుడు చూసుకుంటాడు."

"చూస్తూనే ఉన్నాడండీ, మూడు వారాల నుంచి," అంది అమ్మగారు. "మనం కూడా ఆయన్ని చూస్తున్నాం."

అయ్యగారు మా అమ్మ వైపు తిరిగి, ఈ సంగతి పెద్దలతో అనవద్దని, అంటే తను చేసిన ప్రసంగానికి అర్థం లేకుండా పోతుందని బతిమాలారు. అమ్మ తల ఊపి, అక్కణ్నుంచి నేరుగా సంఘపెద్ద ఇంటికే వెళ్లింది. వాళ్లింట్లో అప్పుడే దించిన అన్నం వాసన వీధి గుమ్మం దాకా వస్తోంది. సంఘపెద్ద అంతా విని చాలా సంతోషపడ్డాడు.

"ఎంత త్యాగం!" అన్నాడు. "చూశావామ్మా, ఒక్క మాట బయటికి అనలేదు! అలాంటి దైవజనుడు మనకు దొరకడం మన అదృష్టం. ఆ త్యాగాన్ని మనం చెడగొట్టకూడదు."

"పిల్లలు చింతపిక్కలు తింటున్నారండీ."

"పిక్కల్లో కూడా బలం ఉంటుందమ్మా," అన్నాడు ఆ హెడ్మాస్టరు.

ఇంటికొచ్చేదారిలో అమ్మ అన్న మాటలు ఇక్కడ రాయను. స్త్రీల సమాజానికి కార్యదర్శిగా ఉన్న మనిషి అనాల్సినవి కావు.

సోమవారం ఉదయం నేనూ గంజి దగ్గరే ఉన్నాను. బడులు ఇంకా తెరవలేదు. సంఘపెద్ద పీట మీద కూర్చుని వరుసను నడిపిస్తున్నాడు. అమ్మ గుండిగ దగ్గర, అవ్వ పొయ్యి దగ్గర. అప్పుడు గుడి పక్క వాకిలి తీసుకుని అమ్మగారు వచ్చింది. ఆదివారం కట్టుకునే తెల్లచీర, గంజిపెట్టి ఇస్త్రీ చేసింది. చేతిలో ఇత్తడి తప్పేలా. వెనక అయిదుగురు పిల్లలు, ఎత్తు ప్రకారం. ఎవరినీ పలకరించకుండా వెళ్లి వరుస చివర నిలబడింది.

ఆమె ముందు నల్గొండ దిక్కు నుంచి వచ్చిన నడివయసు మనిషి ఒకామె ఉంది. వెనక్కి తిరిగి పైనుంచి కింద దాకా చూసింది.

"ఏందక్కా, గింత ఇస్త్రీ చీర గట్టుకొని గంజికొచ్చినవ్? నీకేం తక్లీఫొచ్చింది?"

"మీరు తాగేది నా బియ్యమే," అంది అమ్మగారు.

"నీయా?" ఆమె తన గిన్నెలోకి చూసుకుంది, అది ఖాళీది. "గట్లయితే జెర ఎక్కువ ఏసుకోరాదు? రోజు నీళ్లే కండ్లవడుతున్నయ్."

అమ్మగారు నవ్వింది. నెల రోజుల్లో ఆమె నవ్వడం నేను చూసింది అదే. వరుస కదిలింది. అమ్మ చూసింది, గరిటె ఆగిపోయింది. అవ్వ చూసింది, ఏదో అర్థమైనట్టు పొయ్యిలో కట్టె ఎగదోసింది. చూడనిది సంఘపెద్ద ఒక్కడే. ఆయన తల ఎత్తడు.

"ఏ ఊరు?"

"బాపట్ల పక్కనండి," అంది అమ్మగారు.

"ఎంతమంది?"

"ఏడుగురం."

"ఇంటాయన ఏం పని చేస్తాడు?"

"ప్రసంగాలు చేస్తారండి."

"ఇక్కడికెందుకు వచ్చారు?"

"మీరే ఉత్తరం రాసి పిలిపించారు కదండీ."

అప్పుడు తలెత్తాడు. పీట మీంచి లేవబోయి, పీట కాలు పంచెలో చిక్కుకుని, సగం లేచి మళ్లీ కూర్చున్నాడు. "అమ్మగారూ! మీరిక్కడ... లోపలికి రండి, లోపల కూర్చోండి, కంచంలో..."

"వరుసలో నా ముందువాళ్లు పది మంది ఇక్కడే తాగారండి. నేను లోపలెందుకు?" అంది. తప్పేలా చాపింది. అమ్మ గంజి పోసింది. అమ్మగారు పిల్లల్ని గోడవారన కూర్చోబెట్టి, తనూ కూర్చుని, అందరి మధ్యా తాగింది. "ఉప్పు తక్కువైందమ్మా," అంది అమ్మతో. నల్గొండ ఆమె, "నేను మొదటి దినం నుంచే జెప్తున్న," అంది.

ఆ రోజు మధ్యాహ్నానికి రాంగోపాల్‌పేటలో కబురు తెలియని ఇల్లు లేదు. తర్వాతి ఆదివారం దాకా అమ్మగారు రోజూ అలాగే వచ్చి వరుసలో నిలబడింది. ఆ వారమంతా సంఘపెద్ద పీట ఖాళీగా ఉంది. రెండోనాటి నుంచి ఉప్పు డబ్బా పెట్టుకోవడానికి పనికొచ్చింది.

ఆదివారం ఆరాధన తర్వాత సంఘ సమావేశం పెట్టారు. సంఘపెద్ద లేచి, దైవజనుడి కుటుంబం వీధిలో నిలబడటం సంఘానికి అప్రతిష్ఠ అన్నాడు. అందుకని గంజి పొయ్యి ఈరోజుతో ఆపేసి, గంపను పూర్వంలాగే అయ్యగారింటికి పంపాలని తీర్మానం పెట్టాడు. మగవాళ్ల చేతులు సగం దాకా లేచాయి కూడా.

మా గుళ్లో ఆడవాళ్లు పాటలు పాడొచ్చు, బియ్యం పోయొచ్చు. సమావేశంలో మాట్లాడకూడదు. అమ్మగారు చాప మీంచి లేచి నిలబడింది.

"నా బియ్యం నాకిచ్చి, వాళ్ల గంజి తీసేస్తారా?" అంది. "ఇది నేనడిగానా? నెల రోజులుగా వాళ్లకు పెట్టింది ఎవరు? మీరా? మీ డబ్బాలు మీ ఇళ్లలోనే ఉన్నాయి. మీరిచ్చింది నా పిల్లల గుప్పెడు. ఇప్పుడు వాళ్ల నోటి దగ్గర లాగి మళ్లీ నా పిల్లలకు పెడతారట. ఇందులో మీది ఏమైనా ఉందా? నా పిల్లలకూ కావాలి, వాళ్లకూ కావాలి. ఇంకో గుప్పెడు తీయండి."

సంఘపెద్ద గొంతు సవరించుకున్నాడు. "ఇది ఓటుతో తేలాల్సిన విషయమమ్మా. ఆడవాళ్లకు ఇందులో ఓటు లేదు."

అప్పుడు మా అమ్మ లేచింది. "ఓటు లేదండీ," అంది. "ఒప్పుకున్నాం. చేట మాత్రం మా చేతిలోనే ఉంది. గుప్పెడు తీసేది మేమే. రేపటినుంచి ఏ ఇంటికి ఆ ఇల్లు రెండు గుప్పెళ్లు తీస్తాం. ఒకటి అయ్యగారి బియ్యం, ఇంకోటి పొయ్యి బియ్యం. మీరు చేతులెత్తినా సరే, దించినా సరే."

ఆడవాళ్లలో ఒక్కరు కూడా కాదనలేదు. సంఘపెద్ద భార్య తలవంచి, ఉంగరాలు ఒక్కొక్కటే తీసి కొంగున ముడివేసుకుంది. అది సిగ్గో, పిడికిలి బిగించడానికి సన్నాహమో నేను చెప్పలేను. మొగుడి వైపు మాత్రం చూడలేదు. అయ్యగారు ఈసారి ఆమేన్ అనలేదు. నోరు గట్టిగా మూసుకుని కూర్చున్నారు.

రెండో గుప్పెడు మా ఇంట్లో ఎక్కడ తగ్గిందంటే, నాన్న కంచంలో. మొదటిరోజు రాత్రి ఆయన అన్నాన్ని చేత్తో ఇటూ అటూ జరిపి, కింద ఇంకా ఏమైనా ఉందేమోనని వెతికారు.

"ఏంటే, ఇంతేనా?"

"ఇంతే."

"మారు లేదా?"

"జొన్నరొట్టె ఉంది. వెనక సందు అవ్వ నేర్పింది."

నాన్న రొట్టె వైపు చూసి, దాన్ని నమలడం మొదలుపెట్టి, చాలాసేపు నమిలారు. గూడ్సు ఆఫీసులో ఆయనకు అంత పని ఎప్పుడూ పడలేదు. రెండు చేతులూ ఎత్తి ఒప్పుకున్నది తనే గదా అని గుర్తుచేసేదాన్నే. అమ్మ కళ్లతో వద్దంది.

మరుసటి ఆదివారం గంపలు రెండు పెట్టారు. ఒకటి గుండిగ దగ్గరికి వెళ్లింది. రెండోదాన్ని గుడి ఊడ్చే ముసలాయన నెత్తిన పెట్టుకున్నాడు. అమ్మ నన్ను కూడా వెంట వెళ్లమంది. పక్క వాకిలిలోంచి కాకుండా ముందు వాకిలిలోంచి, అందరూ నిలబడి చూస్తుండగా వెళ్లి అయ్యగారి గుమ్మంలో దించాం. "అయ్యగారి బియ్యమండీ," అని నేను గట్టిగా చెప్పాను. అలా చెప్పమని అమ్మ మరీ మరీ చెప్పి పంపింది.

అమ్మగారు బయటికొచ్చింది. కృతజ్ఞతలూ గట్రా ఏమీ చెప్పలేదు. గంప పక్కన కూర్చుని ఒక గుప్పెడు తీసి అరచేతిలో పరిచి, వేలితో కెలికి చూసింది. రెండు రాళ్లు, ఒక మట్టిబెడ్డ తీసి నా చేతిలో పెట్టింది.

"మీ అమ్మకు చూపించు. వచ్చేవారం నుంచి ఏరి పంపమను. లేకపోతే తిప్పి పంపుతా. ఇవి ఏరుకునే ఓపిక నాకు లేదు. పిల్లల పళ్లు విరుగుతాయి."

నేను ఆ రాళ్లు తీసుకెళ్లి అమ్మకు చూపించాను. అమ్మగారు ఏమందో అక్షరం పొల్లుపోకుండా చెప్పాను. అమ్మకు కోపం వస్తుందనుకున్నాను. అమ్మ రాళ్లను పెరట్లోకి విసిరేసి, "ఏరకపోతే?" అంది.

"తిప్పి పంపుతుందట."

"పంపుతుంది. ఆమె బియ్యం కదా," అంది అమ్మ. చేట తెచ్చుకుని, వెలుతురు ఉన్నంతసేపూ అరుగు మీద కూర్చుని వచ్చేవారం బియ్యంలో రాళ్లు ఏరింది.